పత్తాల నర్సింగం

ఎవరికైనా జ్వరమొచ్చిందని తెలిస్తే మనం "ఇప్పుడెట్లా ఉంది?" అని అడుగుతాం. నర్సింగం మాత్రం "గోలీల పత్తా ఖాళీ అయిందా?" అని అడుగుతాడు. అయిందంటే అతని మొహం వెలిగిపోతుంది. కాలేదంటే "పర్వాలేదు, అయినంక పడెయ్యకుండ్రి, నేనే వచ్చి తీస్కపోత" అని రోగికి ధైర్యం చెప్పి వెళ్తాడు. ఇట్లాంటి మనిషికి తనను కట్టబెట్టిన తండ్రిని పద్మారాణి రోజుకొకసారైనా తలుచుకునేది. మంచిగా మాత్రం కాదు.

ఆ పత్తా వెనక ఉండే వెండిరంగు రేకు కావాలి అతనికి. గోరుతో ఒలిచి, చెంచా వెనకతో సాపు చేసి, తాను తయారుచేసే రేసు బండ్లకు అద్దాలుగా, పొగ గొట్టాలుగా అతికిస్తాడు. అవును, రేసు బండ్లే. జానెడు పొడవుంటాయి. సూరత్‌లో అమ్రోలి దగ్గర ఒక ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, పనిచేసే ఈ మనిషి పుట్టి బుద్ధెరిగి కారెక్కలేదు. శేఠ్ కొడుకు చిత్తు కాగితాల్లో పడేసిన పుస్తకంలో రేసు కారు ఫోటో చూశాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. విరిగిన ప్లాస్టిక్ కండెలు అడ్డంగా కోస్తే చక్రాలు. చీర అంచుల పీలికలు డ్రైవరు బెల్టులు. అగ్గిపుల్ల కొన చెక్కితే డ్రైవరు తలకాయ. ఆ తలకాయకు హెల్మెట్టు, హెల్మెట్టు మీద మళ్లీ గీతలు.

"గిది నడుస్తదా?" అని కొత్తలో పద్మారాణి అడిగింది.

"నడవది."

"మరి దేనికి?"

"టైరు మీద సూడు, అక్షరాలు గూడ రాసిన!"

ఆమె అడగడం మానేసింది. ఉన్న ఒక్క అల్మారాలో చీరల అర బండ్లకు పోయింది. దుమ్ము దులపబోతే "ముట్టకు, రంగు పచ్చిగుంది!" అని అరుస్తాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆ రంగు ఆరలేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం ఖాతాలన్నీ బందయ్యాయి. మొదటిసారి ఊళ్లకు పరుగెత్తినవాళ్లకు ఈసారి పరుగెత్తే ఓపిక కూడా లేదు. ఒకే రేకుల కప్పు కింద ఉన్న గదుల లైనులో అందరూ తలుపులేసుకుని అంబులెన్సుల మోత వింటూ కూర్చున్నారు. కొసగది రాజమల్లుకు దమ్ము ఎగబోసింది. తెల్ల సూట్లవాళ్లొచ్చి తీసుకుపోయారు. మళ్లీ రాలేదు. ఆఖరికి మొహం కూడా ఎవరూ చూడలేదు. ఆయన చెప్పులు ఆ గది ముందే ఉన్నాయి, తీసే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పటి నుంచి ఆ లైనులో ఎవరికీ జ్వరాలు రాలేదు. అంటే వచ్చాయి, ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా అట్లాంటి రోజుల్లో నర్సింగం మూతికి గుడ్డ కట్టుకుని ఒక్కో తలుపు ముందూ నిలబడి, "పత్తా ఉందా, పత్తా?" అని పాలవాడిలా కేకలు పెట్టేవాడు. పద్మారాణికి సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యేది. దానికి తోడు ఎన్నడూ లేని ఆకలి ఒకటి పట్టుకుంది అతనికి.

"పద్మా, జర జావ ఎక్కువ కాయవే. బండి పనిల మస్తు ఆకలైతది."

"నడవని బండికి గింత ఆకలా?"

"నడిచేదైతే ఇంకా ఎక్కువయ్యేది," అంటూ జావ గిన్నె పట్టుకుని, గాలికి కూర్చుని తాగుతానని బయటికి పోయేవాడు. బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. ఖాతా ఎప్పుడు తెరుస్తారో తెలియదు. అసలు తెరిచేదాకా ఎవరుంటారో తెలియదు. ఈయనగారేమో ఇద్దరి తిండి తిని రేకులు ఒలుస్తున్నాడు. ఒక్కోసారి ఆమెకు ఏడుపు కూడా వచ్చేది కాదు.

పుకారు లేపింది ఎదురుగది సోమలింగం. పత్తా అంటే గోలీల అట్ట. కానీ మనవైపు మనిషి జాడను కూడా పత్తా అనే అంటాం. పైగా అక్కడి హిందీలో పతా అంటే అడ్రసు. ఇంకేం కావాలి సోమలింగానికి?

"వాడు అడిగేది గోలీల పత్తా గాదు. మన పత్తా! ఎవలింట్ల జ్వరముందో సూసి మున్సిపాలిటోళ్లకు జెప్తుండు. రాజమల్లు పత్తా ఇచ్చింది గూడ వీడేనట. కారు బొమ్మలు వట్టి బహానా."

మర్నాటి నుంచి నర్సింగం అడుగుల చప్పుడు వింటే చాలు, లోపల గొళ్లేలు పడేవి. నల్లా దగ్గర ఆడవాళ్లు పద్మారాణిని చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఆమె ఇంటికొచ్చేసరికి మొగుడు ఒళ్లో కొత్త బండి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి దాని వెనక రెక్కకు వెండిరేకు అంటిస్తున్నాడు. ఆ రెక్క కోసం ఎండలు ముదరకముందు నుంచీ కుస్తీ పడుతున్నాడు.

తలెత్తకుండానే అన్నాడు: "గంగవ్వ అత్త పత్తాలు ఇస్తలేదు."

అంతే, పద్మారాణి గొంతు లైనంతా వినబడింది. "లోకం కాట్లె కలుస్తుంటే నీకు పత్తాల గోలనా? మనల్ని వెలేసిండ్రు, తెలుసా? నల్లా కాడ నన్ను కుక్కను సూసినట్టు సూసిండ్రు!"

నర్సింగం బండి కింద పెట్టాడు. గూట్లోంచి ఒలిచేసిన అట్టలు తీసి ఆమె ముందు పరిచాడు.

"గిది సోమలింగం ఇచ్చింది. జ్వరం గోలీలు. ఇంటిల్లిపాదీ పడ్డరు, పొయ్యి ముట్టియ్యలే. గిది అవతలి గది బ్రహ్మచారిది. దగ్గు, జ్వరం రెండూ. నోరిప్పి ఎవడు జెప్తడే? పత్తా అయితే చెత్తే గదా అని ఇచ్చిండ్రు."

"ఇస్తే?"

"ఇస్తే ఏంది... నీ జావ ఎవలు తాగిండ్రనుకున్నవ్?"

పద్మారాణి మొదటి అట్టను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "సోమలింగం గూడనా?" అంది.

"గిన్నె గూడ కడిగియ్యలే బాడ్కావ్."

"మరి గంగవ్వ చిన్నమ్మ?"

"బీపీ గోలీ రోజూ ఏస్కునే మనిషి. బీపీ పత్తా దాసేటోళ్లు ఎవలుంటరు? దాస్తుందంటే గది జ్వరం పత్తానే."

గంగవ్వది పక్కగది. చీరలకు వేలాడే దారాలు కత్తిరించి బతికే ఒంటరి ముసలామె. కొత్తగా సూరత్ వచ్చిన పద్మారాణి హిందీ రాక కూరగాయల బండి ముందు ఏడుస్తుంటే, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది ఆమే. వరుసకు చిన్నమ్మ. ఈ ఊళ్లో పద్మారాణికి పుట్టిల్లంటే ఆ గదే. ఆమె పరుగెత్తి తలుపు బాదింది.

"చిన్నమ్మా! తలుపు తియ్యి!"

"తియ్య. నాకేం గాలే," అంది లోపలి నుంచి దగ్గు, తర్వాత గంగవ్వ. "నీ మొగన్ని నా పత్తా ఎవలికి జెప్పద్దను. రాజమల్లు లెక్క నన్ను గూడ ఎత్కపోతరు. సస్తే గీన్నే సస్త."

"ఎవలకు జెప్పడు, చిన్నమ్మా!"

"జెప్పకున్నా తియ్య. మీకు అంటుకుంటది."

తలుపు విరగ్గొట్టే ధైర్యం ఎవరికీ లేదు. నర్సింగం మెడికల్ షాపాయన కాళ్లావేళ్లా పడి వేలికి పెట్టి ఆక్సిజన్ కొలిచే మిషన్ తెచ్చాడు. కిటికీకి మేకులు కొట్టి ఉన్నాయి. తలుపు కింద మాత్రం రెండు వేళ్ల సందు ఉంది. మంచమేమో అవతలి గోడ పక్కన, లేచి వచ్చే సత్తువ ఆమెకు లేదు. అతను ఇంట్లోకి వెళ్లి కొత్త బండి పట్టుకొచ్చాడు.

బండి ముక్కు లోపలికి దూరింది. వెనక రెక్క తలుపుకు తట్టుకుని ఆగింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. దూరలేదు. ఆ రెక్కను ఈగ ముట్టినా ఊరుకోని మనిషి, దాన్ని పట్టుకుని పుటుక్కున విరిచేశాడు. డ్రైవరును పీకి జేబులో వేసుకున్నాడు. ఆ గుంటలో మిషన్ను పడుకోబెట్టి, "ఎన్కకు గుంజనీకి దారం కట్టు, నీ ముడి గట్టిగుంటది," అన్నాడు. ఆమె ముడేసింది. కర్రతో తోశాడు. నడవని బండి గరగరమంటూ మంచం దాకా నడిచింది.

"ఏందిరా గిది? ఎలుకనా?"

"మిషన్ అత్తా! పెట్టుకోని నంబరు జెప్పు!"

కాసేపటికి ముక్కు పట్టేసిన గొంతుతో గంగవ్వ అంది. "నంబరు వస్తలేదు. ముక్కు నొస్తుంది."

"ముక్కుకు గాదు, వేలుకు!"

"ఊపిరి వేలుకెల్లి వస్తదారా?" అని తిడుతూనే వేలికి మార్చి, నంబరు చదివింది. తొంభై నాలుగు. "గండం లేదు, దవాఖాన అక్కర్లే," అని నర్సింగం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పద్మారాణి అతని పక్కన కూలబడి, ఇన్నాళ్లూ రాని ఏడుపంతా ఏడ్చింది.

తర్వాత గోలీలు, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ల ప్యాకెట్లు, చదరంగా మడిచిన రొట్టె, అన్నీ ఆ బండి మీదే పోయాయి. దారం పట్టి లాగితే గంగవ్వ తిట్లతో పాటు ఖాళీ బండి వెనక్కొచ్చేది. ఖాతాలో మగ్గాలు ఆగిపోయినా ఆ తలుపు కింద మాత్రం బండి, మగ్గంలో నాడెలా, అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. జ్వరం జారి గంగవ్వ తలుపు తీసిన రోజున బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడకు నల్లతాడు కట్టి ఉంది. మెడ ఎక్కడుందో ఆమే నిర్ణయించింది. "గిది ఇయ్య. మళ్ల జ్వరమొస్తే?" అని బండిని దిండు కింద పెట్టుకుంది.

ఆ సాయంత్రం సోమలింగం దూరంగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నర్సింగన్నా, మా తలుపు కింద గూడ నీ బండి పడతదా, జర సూడవా?" అతని వెనకే బ్రహ్మచారి, ఆ వెనక రాజమల్లు పెండ్లాం స్వరాజ్యం. తమ ఇంట్లో జ్వరముందని ఒక్కరూ అనలేదు. అందరూ సందు చూడమన్నారు. నర్సింగం ప్రతి తలుపు ముందూ బోర్లా పడుకుని కొలత తీశాడు. సోమలింగం సందు మరీ ఇరుకు, మనిషిలాగే.

తెల్లారి నర్సింగం కొత్త బండి మొదలుపెట్టాడు. నేలబారుగా, పీటలా ఉంది. పద్మారాణి ఎదురుగా కూర్చుని పత్తా ఒలుస్తోంది.

"రెక్కేది?" అంది.

"వద్దులే. తలుపుకు తట్టుకుంటది."

అతను మామూలుగానే అన్నాడు గానీ, వేళ్లు మాత్రం బండి వెనకభాగాన్ని ఊరికే తడుముతున్నాయి. పద్మారాణి అది చూసింది. ఒలిచిన రేకును చెంచాతో సాపు చేసి అతని ముందుకు జరిపింది.

"రెక్క పెట్టు," అంది. "తలుపులే కింద కోయిస్త."