కూర్మయ్య మింగిన యూరప్

మలయాలో తెలుక్ ఇంటాన్ ఊరి దగ్గరి రబ్బరు తోటలో కూర్మయ్య తూకం గుమాస్తా. మొన్నటి యుద్ధంలో హిట్లర్ గెలిచుంటే యూరప్ ఎలా ఉండేదో రోజూ పొద్దున్నే చిత్తుకాగితం మీద గీస్తాడు. సరిహద్దులు పవిత్రమంటే నవ్వి, పోలండును చూపుడువేలితో చెరిపేస్తాడు. తోట ముళ్లకంచె గేటు దగ్గర మాత్రం అదే వేలితో సహా చేతులెత్తి నిలబడతాడు. అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి చేరకూడదని అక్కడ అందరినీ తడుముతారు. ఆవేళ పటం జేబులోనే ఉండిపోయింది. చూస్తే తిరుగుబాటుదారులకు అడవిదారి గీశాడనుకుంటారని నోట్లో కుక్కుకున్నాడు.

“ఏటి మావా, నములుతున్నావు? మెతుకు కూడా గేటు దాటకూడదు లా!” అన్నాడు కాపలా ముత్యాలు, అక్కడి మలయ్ వాళ్లలా మాట చివర ‘లా’ తగిలించి.

“కాయితం, అల్లుడా.”

“అయితే ఉమ్మి సూపించు.”

ఉమ్మితే పటం బయటపడుతుంది. కూర్మయ్య గుటుక్కున మింగి నోరు తెరిచాడు.

“మింగేసినావంటే అన్నమే,” అని ముత్యాలు గేటు పక్కనున్న పోలీసు సార్జంటును కేకేశాడు.