రెండింజన్ల దర్జీ

మా అన్నయ్య దర్జీ. ఏ గుడ్డ కుట్టినా రెండు వరసలు కుడతాడు. చొక్కా భుజమైనా, దిండు గలీబైనా సరే, ఒక కుట్టు వేసి, దాని పక్కనే ఇంకోటి వేస్తేగానీ మిషను మీంచి తియ్యడు. దారం దండగని నేను మొత్తుకుంటూనే ఉంటాను. మా ఇద్దరిదీ ఒకటే కొట్టు మరి. అతను కుడితే నేను కాజాలు తీసి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేస్తాను. ఒకటి తెగితే రెండోది పట్టుకుంటుందే అంటాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఈ పిచ్చి గుడ్డలతో ఆగితే బాగుండేది. ఊరి చివర వైమానిక దళం వాళ్ల స్థావరం ఉంది. యుద్ధవిమానాలు మా కొట్టు మీదుగానే పోతుంటాయి. అన్నయ్య జన్మలో విమానం ఎక్కలేదు, బస్సెక్కితేనే వాంతి చేసుకునే మనిషి. కానీ చప్పుడు వింటే చాలు, తలెత్తకుండానే అది ఒక ఇంజనుదో రెండింజన్లదో చెప్పేస్తాడు. రెండుంటే మెచ్చుకుంటాడు, ఒకటుంటే పెదవి విరుస్తాడు. వీధిలో అందరూ అతన్ని రెండింజన్లనే పిలుస్తారు.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. డ్యూటీ దిగగానే కొట్టుకొచ్చి, కత్తిరింపుల బల్ల చివర కూలబడి, ఒక ఇంజనే మేలని మొదలెడతాడు. ఒకటైతే విమానం తేలికట, చిన్నదట, శత్రువు కంటికి తొందరగా ఆనదట, బాగుచెయ్యడం సులువట. రెండింజన్లంటే చెడిపోవడానికి రెండున్నట్టేనట. బస్సుకి రెండింజన్లుంటాయా బావా అని అడుగుతాడు. బస్సాగిపోతే రోడ్డు పక్కకి తీస్తావు, ఆకాశంలో పక్కెక్కడుంది బావా అని అన్నయ్య. రెండింజన్లది బరువు మోస్తుంది, దూరం పోతుంది, ఒకదాంట్లో పక్షి పడినా రెండోది మనిషిని ఇంటికి చేరుస్తుంది. పక్కపక్కనే ఉన్నవాటిలో ఒకటి అంటుకుంటే రెండోది చూస్తూ కూచుంటుందా అని మా ఆయన. వీళ్లిద్దరూ ఒక మాట మీదికి రాకపోతే యుద్ధాలు ఆగిపోతాయన్నట్టు ఉండేది వరస. బట్టల కోసం వచ్చినవాళ్లు కూడా చెరోవైపూ చేరిపోయేవారు. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. ఇరవై ఏళ్లు భరించానంటే నా ఓపికని మీరే మెచ్చుకోవాలి.

నేను కనిపెట్టనిది ఒకటుంది. మా పిల్ల ఆ బల్ల కిందే గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగింది. పైన వీళ్ల వాదన, కింద దాని చెవులు. పెద్దదయ్యాక యుద్ధవిమానం నేనే నడుపుతానంది. నేను ఏడ్చాను, తిట్టాను, రెండు పూటలు అన్నం మానేశాను. అది వెళ్లింది. శిక్షణంతా అయ్యాక వేరే ఊళ్లో వేశారు. ఏ విమానం ఇచ్చారో చెప్పడానికి మామయ్యకే ఫోను చేసింది. ఒక ఇంజనుదే మామయ్యా, నాన్న గెలిచాడని చెప్పు అని నవ్వింది.

అన్నయ్య కత్తెర బల్ల మీద పెట్టి నా మొహం చూశాడు.

"మంచిదే తల్లీ. తేలిక. చెప్పినట్టు వింటుంది" అన్నాడు.

ఇరవై ఏళ్లలో ఆ మాట అతని పెదవి దాటడం అదే మొదలు. గెలిచినాయన సంబరపడ్డాడా అంటే అదీ లేదు. రెండుంటే కాస్త నిమ్మళంగా ఉండేది బావా అని నసిగాడు. ఆ రోజు నుంచి వాదన తిరగబడింది. అన్నయ్య ఒక ఇంజన్ని పొగుడుతాడు, మా ఆయన రెంటిని పొగుడుతాడు. ఒకరు నాకు ధైర్యం చెప్పడానికి, ఇంకొకరు భయం ఆపుకోలేక. ఇద్దరికీ అబద్ధం చెప్పడం చేతకాదు. మీ నటన చూడలేక చస్తున్నాను, ఇక నోళ్లు కట్టెయ్యండని కసిరాను. నిజంగానే కట్టేశారు. విమానం పోతున్నప్పుడల్లా అన్నయ్య మిషను గట్టిగా తొక్కేవాడు, ఆ చప్పుడు వినపడకుండా. ఆ దిక్కుమాలిన వాదన లేక కొట్టు బోసిపోయింది.

ఒక మధ్యాహ్నం లెక్కల మాస్టారు ప్యాంటు బాగుచేయించుకోవడానికి వచ్చి, ఫోను చూస్తూ విమానం కూలిందటమ్మా అన్నారు. ఊరి పేరు చదివారు. మా పిల్ల ఉన్న ఊరే. ఒక ఇంజనుదేనట, నడిపేవాళ్ల సంగతి ఇంకా తెలీదట. పిల్లకి ఫోను చేస్తే మోగనే లేదు. మాస్టారే డిపోకి కబురు చేశారు. మా ఆయన గ్రీజు బట్టలతోనే పరిగెత్తుకొచ్చి బల్ల పక్కన నేల మీద కూచున్నాడు. అన్నయ్య మాస్టారి ప్యాంటు మిషను మీదికెక్కించి కుట్టడం మొదలెట్టాడు. ఎంతసేపటికో మా ఆయన తలెత్తాడు.

"నేనే బావా. ఒక ఇంజను చాలని దాని చెవిలో ఊదింది నేనే."

"నోర్ముయ్ బావా. ఫోనొస్తుంది" అన్నాడు అన్నయ్య. మిషను ఆపలేదు.

పొద్దు వాలుతుండగా వచ్చింది, ఎవరిదో నంబరు నుంచి. అమ్మా, నేనే అంది. నెత్తిన పాలు పోసినట్టయింది.

"ఇంతసేపూ ఎక్కడ చచ్చావే!" అని అరిచి, అక్కడే కూలబడి ఏడ్చేశాను.

కూలింది దాని విమానమే. పక్షి పడి ఇంజను ఆగిపోయిందట. దాన్ని మళ్లీ తిప్పి చూసిందట, అందుకోలేదు. ఇళ్లు లేని పొలాలవైపు మళ్లించి పిడి లాగితే, సీటే దాన్ని బయటికి విసిరేసిందట, పారాచ్యూట్‌తో పొలంలో దిగిందట. మడమ విరిగింది, ఇంకేమీ లేదు. నర్సమ్మ ఫోను అడిగి మాట్లాడుతోంది. ఫోను బల్ల మీద పెట్టి అందరం వింటున్నాం. మామయ్య ఉన్నాడా అని అడిగింది.

"మామయ్యా, మావాళ్లొచ్చేదాకా పారాచ్యూట్ గుడ్డ నా ఒళ్లోనే ఉంది. వేళ్లతో తడిమి చూశాను. కుట్లన్నీ రెండు వరసలు."

అన్నయ్య కళ్లలోంచి నీళ్లు కారి చేతిలో గుడ్డ మీద పడుతున్నాయి. భుజానికి మొహం తుడుచుకుని, మా ఆయన వైపు తిరిగాడు.

"విన్నావా బావా? ఒక ఇంజన్లో పక్షి పడితే ఏమవుతుందని చెప్పాను?"

"గుంపు పడితే నీ రెండూ ఆగుతాయి బావా" అన్నాడు మా ఆయన, ముక్కు ఎగబీలుస్తూ. లేచి బల్ల చివర తన చోట కూచున్నాడు.

ఫోనులో పిల్ల నవ్వుతోంది. వాళ్లు గొంతులు పెంచారు. కొట్లాడుకోండి, తనివితీరా కొట్లాడుకోండి అనుకుంటూ నేను టీ పెట్టాను.

మర్నాడు మాస్టారు ప్యాంటు తీసుకెళ్లి మళ్లీ తెచ్చిచ్చారు. ఎంత తోసినా ఒక్క కాలూ లోపలికి పోవడం లేదట. చూస్తే రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర కలిపి కుట్టేసి ఉన్నాయి, ఎప్పట్లాగే రెండు వరసలు. విప్పడానికి నేనే కూచున్నాను. మొదటి వరస తొందరగానే ఊడొచ్చింది. రెండోది ఊడలేదు. పొద్దున్నంతా దాంతోనే గడిచింది, ఈసారి మాత్రం దారం దండగ అనలేదు.