కోటు చేతి మీది నల్ల పట్టీ

దయ్యాల ముచ్చట మొదలైతే కుర్చీ జరుపుకొని లేచిపోయే మనిషిని నేను. కంటికి కనిపించింది రాసుకోవడం, కనిపించనిదాన్ని వదిలేయడం నా అలవాటు. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తున్నాను. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ సాయంత్రమే రాసుకున్నాను కాబట్టి, తర్వాత కల్పించుకున్నది కాదని నాకు నమ్మకం.

పోలీసు స్టోర్స్‌లో యూనిఫామ్‌లు జారీ చేసే గుమస్తాగా రిటైరయ్యాను. బటన్లు, బెల్టులు, భుజం గుర్తులు చూసి అవి ఎవరివో చెప్పే పిచ్చి అక్కడే పట్టుకుంది. రిటైరయ్యాక అది పాత ఫోటోల మీదికి మళ్ళింది, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ మీదికి. అక్కడ సైన్యం ఒక్కటే కాదు. పార్టీ దళాలు, కూలి దళాలు, పౌర దళాలు ఎన్నో ఉండేవి. ఒక్కోదానికి ఒక్కో కాలరు, ఒక్కో టోపీ. హన్మకొండలో ఈ పిచ్చి ఉన్నది నాకొక్కడికే కావచ్చు.

ఆ సంగతి తెలిసి, కొత్తవాడలో దర్రీలు నేసే యాకూబ్ తన తాత ఫోటోను నా ఫోన్‌కు పంపాడు. ఆ తాత తెల్లవాళ్ళ సైన్యంలో చేరి, ఆఫ్రికా ఎడారిలో జర్మన్లకు ఖైదీగా చిక్కి, వాళ్ళ దేశంలోని ఖైదీల శిబిరంలో ఉండి, యుద్ధం అయిపోయాక ఇల్లు చేరినవాడు. ఫోటోలో మంచు, వెనక ముళ్ళకంచె. మోకాళ్ళ దాకా కోటు వేసుకున్న బక్కపలచని మనిషి చేతిలో పార ఉంది. ఎడమ చేతి మీద నల్ల పట్టీ ఉంది.

ఆ పట్టీ నన్ను ఆపేసింది. కోటుకు కాలరు గుర్తుల్లేవు, భుజం పట్టీల్లేవు. యుద్ధం చివర్లో నాజీలు ముసలివాళ్ళనూ కుర్రవాళ్ళనూ పోగుచేసి ఒక పౌర దళాన్ని నిలబెట్టారు. ఇవ్వడానికి బట్టల్లేక, ఎవరి కోటు వాళ్ళు వేసుకొని చేతికి పట్టీ కట్టుకున్నారు. ఆ పట్టీయే వాళ్ళ యూనిఫామ్. అది లేకపోతే ఫోటోలో ఉన్నది చలికి పాత కోటు కప్పుకున్న ఖైదీ. ఉంటే శత్రువు దళంలో మనిషి. ఖైదీలను అందులో చేర్చుకున్నట్టు నేనెక్కడా చదవలేదు. కానీ పట్టీ కళ్ళ ముందే ఉంది.

అసలు ఫోటో చూద్దామని కొత్తవాడ వెళ్ళాను. యాకూబ్ తల్లి మహబూబ్‌బీ మగ్గం పక్కనే కూర్చుని ఉంది. నాకన్నా పెద్దది.

"సారుకు చాయ్ పొయ్యిరా. చక్కెర తక్కువెయ్యి, పోలీసోళ్ళకు షుగరుంటది."

నేను పోలీసును కాదు, పోలీసుల ప్యాంట్లు లెక్కపెట్టినవాణ్ణి అన్నాను.

"గట్లయితే ఇంకా మంచిది. మొఖం జూడకుంట బట్టల్నే జూస్తవు," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "మా చాచ, నాయన తమ్ముడు, సచ్చేదాక ఇదే మాట తమ్మీ. మీ నాయన జర్మనోళ్ళల్ల కలిసిండు, మనోళ్ళ మీదనే తుపాకి పట్టిండు అని. దావతుల గూడ నలుగుట్ల అనేటోడు. నువ్వు జూసి నిజం చెప్పు. దుష్మన్ల బట్టలైతే పొయ్యిల పెడ్త. కాకపోతే గోడకు పెడ్త."

"తాతది ఉన్నది గిదొక్కటే ఫోటో అమ్మా," అన్నాడు యాకూబ్.

"ఒక్కటుంటే ఏంది? ఖరాబుదైతే ఒక్కటి మాత్రం ఎందుకు?"

మసకబారిన అద్దం ఫ్రేమును ఓణీ గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

మరుసటి మధ్యాహ్నం చూశాను. మే నెల. కరెంటు పోయి కూలరు ఆగిపోయింది. ఇంట్లో నేనొక్కణ్ణే. కిటికీ దగ్గర బల్ల మీద ఫోటోను ఫ్రేములోంచి తీసి భూతద్దం పట్టాను. ఆమెకు చెప్పాల్సిన మాటలు మనసులో కూడగట్టుకుంటున్నాను.

భూతద్దం మసకబారింది. తుడిచాను. మళ్ళీ మసకబారింది. పక్కన పెట్టి చూస్తే ఆ ఆవిరి ఫోటో మీదే ఉంది. ఎడమ చేతి దగ్గర మాత్రమే, అద్దానికి దగ్గరగా నోరు పెట్టి ఊదితే పట్టేంత మేర. చూస్తుండగానే అది సన్నటి చుక్కలుగా మారింది.

ఫోటో పాడవుతుందని దూదితో అద్దాను. దూదికి నీలినలుపు అంటింది.

అది సిరా. పట్టీ కరిగిపోతోంది. దాని కింద కోటు చేతి ముడతలు భుజం నుంచి మణికట్టు దాకా ఎక్కడా తెగకుండా కనిపించాయి. ఆ చేతికి ఏ పట్టీ లేదు. ఎవరో తర్వాత కలంతో గీశారు. ఫోన్‌లో సిరా, నీడ ఒకే నలుపుగా కనిపించాయి.

నాకు భయం వేయలేదు. మెడ వెనక చల్లగా తగిలిందని మాత్రం రాసుకున్నాను.

తర్వాత అన్నీ పరీక్షించాను. బల్ల మీద నీళ్ళు లేవు. చెమట చుక్క పడిందా అంటే, పడితే చుక్కగా పడుతుంది కానీ ఆవిరిలా పరుచుకోదు. నా ఊపిరేనేమో అని భూతద్దం మీద కావాలని చాలాసార్లు ఊదాను. ఆ ఎండకు అద్దమే కాలుతోంది, మసక పట్టనే లేదు. అదే చోట మా పెళ్ళి ఫోటో పెట్టి సాయంత్రం దాకా చూశాను. పొడిగానే ఉంది.

కొత్తవాడ వెళ్ళి, పట్టీ సిరాతో గీసిందని, తడి దూదికి పోయిందని చెప్పాను. మీ నాయన వేసుకున్నది ఖైదీ కోటేనని చెప్పాను. తడి ఎక్కడిదో చెప్పలేదు.

మహబూబ్‌బీ ఫోటోను ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు చూసింది. "చాన ఏండ్లు ఇది చాచ దగ్గర్నే ఉండె. ఆయన గూడ అదే లడాయికి పోయొచ్చినోడు."

"జూసినవా అమ్మా, గా ముసలోడు..." అని యాకూబ్ లేవబోయాడు.

"ఊకో. పోయినోళ్ళను ఏమనకు. మేకు తీస్కరా."

యాకూబ్ మేకు కొడుతుంటే, నేనేమీ అడగకుండానే, ఆమె అంది: "ఆ దేశం చలి మా నాయనకు ఎన్నడు పోలే తమ్మీ. నడి ఎండకాలం గూడ చేతులల్లకు నోటితోని ఊదుకునేటోడు. గిదేంది నాయనా అంటే నవ్వేటోడు."

చేతిలో ఉన్న చాయ్ కింద పెట్టేశాను.

ఆ ఫోటో ఇప్పుడు మగ్గం ఎదుటి గోడ మీద ఉంది. మరకతో ఆ దూది నా దగ్గర ఉంది. సిరా ఎవరిదో ఊహించగలను. ఆ ఊపిరి ఎవరిదో రాయాల్సిన చోట డైరీలో ఒక వరుస వదిలాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.