ముత్తన్న అతుకుల అంగి

బహ్రెయిన్‌లోని అరాద్‌లో మా కూలీల క్యాంపు విమానాశ్రయానికి ఎంత దగ్గరంటే, విమానం దిగితే మా గిన్నెలు గలగలలాడతాయి. అయినా మాకు ఊరికి పోవడం గగనమే. అందుకే మా గదికో ఆచారముంది. బహ్రెయిన్‌కు వచ్చిన రోజు తొడుక్కున్న అంగిని పెట్టెలో దాచి, సెలవు మీద పోయేరోజే మళ్లీ తొడుక్కోవాలి. లేకపోతే సెలవు రద్దవుతుందని గదికి పెద్ద అయిన బాలన్న మాట.

మేస్త్రీ ముత్తన్నకు ఇలాంటివంటే ఒళ్లు మంట. ఒకనాడు అందరి ముందే తన అంగిని చించి తలో ముక్క పంచాడు.

"సెలవు అంగి ఇస్తదా, మనల పనిల పెట్టుకున్న కఫీల్ ఇస్తడా?" అన్నాడు.

తర్వాత ఆయన బిడ్డ జమునకు కొడుకు పుట్టాడు. తొట్టెల వేడుకకు పోతానంటే కఫీల్ సెలవిచ్చాడు, పనికి మనిషి లేడని రద్దు చేశాడు. మళ్లీ ఇచ్చాడు, మళ్లీ రద్దు. తాత రాకుండా పిల్లవాణ్ణి తొట్టెలో వేసేది లేదని భార్య చంద్రవ్వ ఫోన్లో తెగేసి చెప్పింది. పాపం, ముత్తన్నకు ముద్ద దిగలేదు.

మూడోసారి సెలవు దొరికింది. ముత్తన్న కిక్కురుమనకుండా ముక్కలు వెతకడం మొదలుపెట్టాడు. ఒక చేయి డ్రైవర్ షఫీఖ్ వ్యాను అద్దం తుడుస్తోంది. వీపు భాగం అన్నం గిన్నె దించే మసిగుడ్డ అయింది. కాలరు నా బూట్ల దగ్గరుంది. అన్నీ ఉతికి, సంచులు కుట్టే దారంతో కుట్టుకున్నాడు. నాకు నవ్వూ ఆగలేదు, జాలీ ఆగలేదు.

విమానాశ్రయంలో జనం తప్పుకుని దారిచ్చారు. ముత్తన్న మాత్రం పెళ్లికొడుకులా లోపలికి నడిచాడు. విమానం లేచేదాకా మేం బయటే నిలబడ్డాం.

అప్పుడు బాలన్న తల పట్టుకున్నాడు.

"ఉన్నదంత ఇంటికి పంపి, చినిగిన బట్టల మీదనే పోతుండ్రి అందరు. ఒక్క మంచి అంగైనా మిగలాలె అని నేనే పుట్టిచ్చిన ఈ ముచ్చట."

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. నిజం చెబితే ఎవడు దాస్తాడని ఆయన బాధ. ఇక దాపరికం వద్దు, గదికి పోగానే అందరికీ చెప్పేస్తానన్నాడు.

గదిలో లింబాద్రి కూర్చుని ఉన్నాడు. తర్వాతి సెలవు అతనిదే. ఇన్నాళ్లూ దాచుకున్న మడత నలగని తెల్ల అంగిని కత్తెరతో ముక్కలు చేసి, తిరిగి కుట్టుకుంటున్నాడు.

"ముత్తన్నకు అతుకులే కలిసొచ్చినయి గదనే," అంటూ, ఎక్కించమని సూదీ దారం బాలన్న చేతికిచ్చాడు.

బాలన్న దారం కొన తడిపి ఎక్కించాడు.