ఆటల చానెల్ తీయించిన వేసవి

మా నాన్నకు పెద్దమనిషి అనిపించుకోవాలని మహా సరదా. కృష్ణా జిల్లా నుంచి డెబ్బైల్లో వలస వచ్చి, పినపాక అవతల అడవి అంచున నల్లరేగడి కొని, మిరప వేసి నిలదొక్కుకున్న మనిషికి ఆ మాత్రం సరదా ఉంటే తప్పేమీ లేదు. కాకపోతే అది ఒకసారి వచ్చి మా అత్తయ్య నెత్తిన పడింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అత్తయ్య అంటే నాన్నకు సొంత అక్క. పసితనంలో విషజ్వరం వచ్చి వినికిడి పోయింది, దాంతోపాటు మాటా పోయింది. పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తలేదు. నాన్న వలస వచ్చినప్పుడు లారీలో సామాన్ల మధ్య కూర్చుని ఆమె కూడా వచ్చింది. ఆమెతో మాట్లాడటానికి మా ఇంట్లో ఒక సైగల భాష ఉండేది. మీసం మెలేస్తే నాన్న. నుదుటి మీద పెద్ద బొట్టు చూపిస్తే అమ్మ. రెండు జడలు అల్లినట్లు చేస్తే నేను. నేను చదువు ముగించి, బడిలో టీచరునై, ఒంటిజడకు మారాక కూడా ఆమెకు నేను రెండు జడలే. గాలిలో చదరం గీస్తే టీవీ. వంట, పంట, వాన, జ్వరం అన్నీ ఈ సైగల్లో చెప్పుకునేవాళ్ళం. ఇంతకు మించి చెప్పుకోవాల్సింది ఏముంటుందిలే అని మా ధీమా.

తొంభైల నడుమ మా ఊరికి కేబుల్ వచ్చింది. మణుగూరు వైపు అతను ఒకడు డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా, టేకు చెట్ల మీదుగా ఇంటింటికీ వైరు లాగాడు. వారానికోసారి కోతులు దాని మీద ఉయ్యాలలూగి తెంపేసేవి. అతను నిచ్చెన వేసుకుని ఎక్కి అతికేవాడు, మేము కింద నిలబడి కోతుల్నీ అతన్నీ కలిపి తిట్టేవాళ్ళం. అయినా ఆ రోజుల్లో అదో వైభవం. సాయంత్రం అందరం టీవీ ముందు చేరితే అత్తయ్య కూడా గుమ్మం పక్కన కూర్చునేది. మేము నవ్వినప్పుడల్లా మా మొహాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వేది. అది మాకు ముచ్చటగా ఉండేది. అందులో ఎంత ఒంటరితనం ఉందో అప్పుడు తట్టలేదు.

ఒక ఏడాది మిరపకాయ కల్లాల్లో ఆరబోసి ఉండగా కేబుల్ అతను వచ్చి కిరాయి పెంచానన్నాడు. నాన్నకు కావాల్సింది అదే. వీధిలో వాళ్ళందరినీ మా అరుగు మీదికి పిలిచాడు.

"నేనేం జేయాలె బాబాయ్? ఆటల చానెల్‌కు పైనోళ్ళు రేటు పెంచిండ్రు. చూసినా చూడకున్నా ఇంటి లెక్కన కట్టాలంటుండ్రు" అన్నాడు అతను.

"మా ఇంట్లో ఆటలు ఎవరు చూస్తారయ్యా? హోటల్లో భోజనానికి పోతే ముట్టని కూరకు కూడా బిల్లు వేస్తానంటావేంటి?" అన్నాడు నాన్న.

అరుగంతా ఘొల్లుమంది. "అవ్, నిజమే గదా! ముట్టని కూరకు మనమెందుకు కట్టాలె?" అని తలా ఒక మాట అందుకున్నారు. కేబుల్ అతను కాసేపు గునిసి, చివరికి సరేనన్నాడు. మర్నాటి నుంచి ఆటల చానెల్ ఉండదు, పాత కిరాయే కట్టొచ్చు. నాన్న ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తర్వాత నాలుగు రోజులు, దారిన పోయే ప్రతివాడికీ ముట్టని కూర సంగతి చెప్పాడు.

ఆ వారంలోనే అత్తయ్య ఒక కొత్త సైగ మొదలుపెట్టింది. రెండు చేతులూ తల మీదికి ఎత్తి జోడించేది. అలాగే ముందుకు వంగి, చేతుల్ని నేలకేసి దించేది. అమ్మ దగ్గర ఒకసారి, నాన్న దగ్గర ఒకసారి, బడి నుంచి రాగానే నా దగ్గర ఒకసారి. ఇంకో పని కూడా పట్టుకుంది. మధ్యాహ్నం కల్లం నుంచి ఇంటికి రాగానే తడిగుడ్డతో టీవీ అద్దం తుడిచేది. తుడిచిందే తుడిచేది. "వదిన ఇల్లు ఎంత శుభ్రంగా పెడుతుందో చూడు, నేర్చుకో" అని అమ్మ నన్ను దెప్పింది కూడా.

కొత్త సైగకు అర్థం చెప్పింది కూడా అమ్మే. "చేతులెత్తి దణ్ణం పెడుతోంది. తర్వాత మునక వేస్తోంది. ఇంకేముంది, భద్రాచలం పోయి గోదావరిలో మునిగి స్వామిని చూడాలంటోంది. ఏ కాలం నాటి మొక్కో, పాపం!" అంది. మా వైపు ఎవరిని అడిగినా ఆ సైగకు ఆ అర్థమే చెబుతారు. గోదావరి అంత దగ్గరలో పెట్టుకుని ఇంకో అర్థం ఎవరికి తోస్తుంది? అక్క నోరు తెరిచి అడిగినంత సంబరపడ్డాడు నాన్న. వచ్చిన ఆదివారమే అందరం మణుగూరు బస్సెక్కి, అక్కడ మారి, సారపాక దాటి, వంతెన మీదుగా భద్రాచలం చేరాం.

అత్తయ్య బుద్ధిగా మునిగింది. మేము ఎన్ని మునకలు వేయమంటే అన్ని వేసింది. మొహంలో మాత్రం ఏమీ లేదు. తడిచీరతో మెట్లెక్కుతుండగా, ఒడ్డున కట్టేసిన పడవ మీది నుంచి నలుగురు యువకులు ఒకరి తర్వాత ఒకరు నీళ్ళలోకి దూకారు. అత్తయ్య ఆగిపోయింది. నా మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకుని వాళ్ళను చూపించింది. చేతులు పైకెత్తి, వంగి, కిందికి దించింది. ఆ తర్వాత నా మొహం ముందు గాలిలో చదరం గీసింది.

నాకు వెంటనే అర్థమైంది. అది మొక్కూ కాదు, మునకా కాదు, టీవీలో ఎవరో నీళ్ళలోకి దూకడం.

స్నానఘట్టం మెట్ల మీద కూర్చుని మిగతాదంతా ఆమె చెప్పింది. ఎత్తయిన బల్ల. గాజులు చూపించింది, అంటే ఆడవాళ్ళు. బల్ల చివరిదాకా నడిచి వస్తారు. గాలిలో గిర్రున తిరుగుతారు. నీళ్ళలోకి సూటిగా దిగిపోతారు. పైకి తేలగానే చుట్టూ ఉన్న జనం చేతులు తడతారు. ఆ చప్పట్లు ఆమెకు కనిపిస్తాయి. మేమంతా చేలోనో, నిద్రలోనో, బడిలోనో ఉన్న మధ్యాహ్నాల్లో, సౌండు తీసేసి, అత్తయ్య ఆటల చానెల్ చూసేది. సౌండు లేదు కాబట్టి పక్క గదిలో పడుకున్న అమ్మకు కూడా తెలియలేదు. మా ఇంట్లో ఒక్క మాట వినకుండా, ఎవరి మొహమూ చూడకుండా, మొదట్నుంచి చివరిదాకా ఆమె సొంతంగా చూడగలిగింది అదొక్కటే. ఆ చానెల్ పోయాక తెర మీద కనిపించే చుక్కలు అద్దానికి పట్టిన మురికి అనుకుని పాపం రోజూ తుడుస్తోంది.

బస్సులో నాన్నకు చెప్పాను. మణుగూరులో దిగగానే ఆయన మమ్మల్ని స్టాండులో ఉండమని నేరుగా కేబుల్ అతని దగ్గరికి పోయాడు.

"మా ఒక్క ఇంటికి ఇయ్యి, ఎంతైతే అంత ఇస్తా" అన్నాడట.

"ఒక్క ఇంటికి గట్ల ఇయ్యరాదు బాబాయ్. వచ్చేది ఒకటే వైరు. ఇస్తే ఊరందరికి, తీస్తే ఊరందరికి. గిప్పుడు కావాలంటే మళ్ళ అందరూ ఒప్పుకోవాలె" అన్నాడట అతను.

ఊరికి రాగానే నాన్న గడప గడపకూ తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. అందరూ నవ్వుతూ ఒకటే మాట అన్నారు. "ఏందన్నా గిది? ముట్టని కూరకు ఎందుకు కట్టాలె అని నువ్వే అంటివి గదా?" పిల్లలకు లోకజ్ఞానం వస్తుందనీ, అదనీ ఇదనీ ఏవేవో చెప్పాడట. మా అక్క చూస్తుంది అన్న ఒక్క మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. సిగ్గో, లేక అక్కకు కూడా ఒక కోరిక ఉంటుందని పదిమందిలో చెప్పడం ఆయనకు అలవాటు లేదో. ఆ మాట అని ఉంటే వీధి ఒప్పుకునేదనే నా నమ్మకం. అంత రాతిగుండె వాళ్ళు కారు.

అందరి మీదా కలిపి రుద్దుతున్నారని మేమంతా గోల చేశాం. అన్యాయమే, కాదనను. కానీ ఎవరినీ అడిగే పని లేకుండా అత్తయ్యకు అంత సంతోషం దొరికింది కూడా అలా కలిపి రుద్దినందువల్లే. ఏ చానెల్ ఎవరికి కావాలని ఇంటింటా విడివిడిగా అడిగి ఉంటే, మా ఇంట్లో ఆమెను అడిగేవాళ్ళెవరు? ఇది తలపుకొచ్చినప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఊరు తిరిగి వచ్చిన నాన్న అత్తయ్య ఎదురుగా కింద కూర్చున్నాడు. టీవీలో చుక్కలు ఎగురుతున్నాయి. నాన్న మీసం మెలేసి చూపించాడు. తర్వాత రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. నేనే తీయించాను, అని. అత్తయ్య అరచెయ్యి తిప్పింది, ఎందుకు అన్నట్లు. ఆ జవాబుకు మా భాషలో సైగ లేదు. చివరికి బొటనవేలూ చూపుడువేలూ రాసి చూపించాడు. డబ్బు.

అత్తయ్య మొహం విచ్చుకుంది. ఇంతేనా అన్నట్లు గబగబా కొంగు ముడి విప్పింది. కల్లంలో ఏరేసిన తాలుకాయలు అమ్మితే వచ్చే చిల్లర ఆమెకే వదిలేసేవాళ్ళం. ఎన్నాళ్ళ నుంచి దాచిందో, అదంతా తీసి నాన్న చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. నాన్న ఆ పిడికిలితోనే కళ్ళు తుడుచుకోవడం అత్తయ్య చూడలేదు. డబ్బు కట్టేసింది కదా, చానెల్ వచ్చేదాకా లేవనన్నట్లు టీవీ వైపు తిరిగి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.