బాట్ ముక్కుపొడి బుడ్డి

ఉద్యోగం పోయిన మూడో వారం, మా ఆవిడ సరళ ఆఫీస్‌కి వెళ్తూ "ఇకనుంచి వంట నువ్వు చూసుకో" అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పెళ్లాం జీతంతో బతకడమే కాక గరిటె కూడానా! నోటికొచ్చినట్టు అరిచి, డెన్వర్‌లోని స్నేహితుడి దగ్గరికి రైలు టికెట్ బుక్ చేశాను. రానూపోనూ రెండువందల ముప్పై డాలర్లు.

సన్నీవేల్‌లో తెల్లారి లోకల్ ఎక్కి, ఎమెరీవిల్‌లో తొమ్మిదీ పదికి పెద్ద రైలు అందుకున్నాను. పక్కసీటులో బాట్ అనే మంగోలియా మనిషి. కుడిచేత్తో రాతిబుడ్డి చాచాడు. ముక్కుపొడి! వాళ్లలో మగవాళ్ల పలకరింపట. వాసన చూసి తిరిగివ్వాలి. నేను మా తాతయ్యలా దండిగా పట్టించి శాక్రమెంటో దాకా తుమ్ముతూనే ఉన్నాను.

ఇంట్లో గొడవంతా బాట్‌కి చెప్పుకుంటూ, ఒంటిగంటకు పులిహోర విప్పాను. బాట్ ఇంగ్లీషులో అడిగాడు: "మీ ఆవిడ చేసిందా? మీరు అరిచాక కూడానా?"

సిగ్గేసింది.

నెవాడా గడ్డి చూస్తూ తన కథ చెప్పాడు. "అక్కల్ని కాలేజీకి పంపారు. మంద కాయడానికి మగాడు కావాలని నన్ను ఆపేశారు. ఒక చలికాలం మందంతా చచ్చిపోయింది. చదువులేని మగాడిగా మిగిలాను. మా ఊళ్లో నాలాంటివాళ్లే ఎక్కువ. భార్య జీతం గొంతు దిగదు. తాగుతాం, అరుస్తాం."

అతని భార్య డెన్వర్‌లో అకౌంటెంట్. అతిథుల ముందు తన ఇంగ్లీషు దిద్దిందని అతను ఇల్లొదిలి ఏడాదైంది. "వస్తున్నానని ఫోన్ చేశాను. స్టేషన్‌కి వస్తాననలేదు, రాననీ అనలేదు."

"ఈ బుడ్డి ఆవిడకెప్పుడైనా ఇచ్చావా?"

"లేదు" అన్నాడు. బుడ్డి మూత తిప్పుతూ కూర్చున్నాడు.

మర్నాడు రాత్రి ఎనిమిదికి, గంట ఆలస్యంగా డెన్వర్. ప్లాట్‌ఫామ్ చివర అతని భార్య నిలబడి ఉంది. బాట్ వెళ్లి, తల వంచి, బుడ్డి చాచాడు. ఆమె వాసన చూసింది. తిరిగివ్వలేదు. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని పార్కింగ్ వైపు నడిచింది. బాట్ ఖాళీ చేత్తో నావైపు చూశాడు.

"నిలబడతావేంటయ్యా, వెళ్లు!" అన్నాను. పెట్టె పట్టుకుని పరుగెత్తాడు.

స్నేహితుడింట్లో రెండు రాత్రులు గడిపి, మూడో రోజు ఉదయం ఎనిమిదికి తిరుగు రైలెక్కాను. పక్కసీటు ఖాళీ. దారిలో కొండలూ ఏరూ చూడాల్సినవే, కిటికీ పక్క సీటు అడగండి. నాకు మాత్రం సరళ గొంతు కోసం ప్రాణం కొట్టుకుంటోంది. మర్నాడు రీనో దగ్గర సిగ్నల్ దొరకగానే ఫోన్ చేశాను.

"పులిహోరకి చింతపండు ఎంతసేపు నానబెట్టాలి?" అన్నాను.

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ముందు నువ్వు రా" అంది.