మలుపులో పడుకున్న మెకానిక్

ఎనభైల్లో మద్రాసు రేసు కోసం నా పాత స్పోర్ట్స్ కారును తయారుచేసింది మణుగూరులో బొగ్గు లారీలు బాగుచేసే మెకానిక్. మలుపులో టైరు నేలను నిండుగా పట్టాలంటే ముందు చక్రాల పైఅంచు కొంచెం లోపలికి వాలాలని ఆయన లెక్క. తాపీమేస్త్రీల గుండుదారం వేలాడగట్టి ఆ వాలు కొలిచేవాడు. బోల్టు బిగించాక టైరును అరచేత్తో నిమిరేవాడు.

ఒకరోజు "స్పీడుగ తోలుకుంట రా సార్, మలుపుకాడ నేను చూస్త" అన్నాడు.

అడవి రోడ్డు మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆయన. తారు అంచుకు చెంప ఆనించి పడుకుని ఉన్నాడు! బ్రేకు తొక్కాను. ఆయన తలకు జానెడు దూరంలో కారు ఆగింది.

తలుపు తెరుచుకుని కిందికి దూకాను. ఆయనేమో కోపంగా తల ఎత్తాడు.

"బ్రేకెందుకు కొట్టినవ్ సార్? చక్రం ఎంత ఒరుగుతదో కనపడకపాయె. మళ్ల రా."

చెంప మళ్లీ తారుకు ఆనించాడు.